‘ఇస్తరట’లోని ‘ట’ కోసం: దోహాలోని భారత రాయబారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాయబారి గారికి,

ఈ లేఖ ఒక్క మాట గురించి. ఆ మాట ‘యథాతథం’. తెలుగు కార్మికుడు తన గోడు చెప్పుకొంటాడు. దాన్ని ఎవరో ఇంకో భాషలో కాగితం మీద పెడతారు. ‘అతను చెప్పింది యథాతథంగా ఇదే’ అని కింద రాస్తారు. ఆ మాట అక్కడ రాయకూడదని నా వాదన. ఉదాహరణకు బర్వా అల్ బరాహాను తీసుకుంటున్నాను. దోహా ఇండస్ట్రియల్ ఏరియా పక్కన బర్వా రియల్ ఎస్టేట్ సంస్థ కట్టిన ఆ కార్మిక నగరంలో 50 వేల మందికి పైగా ఉండవచ్చు. మన జిల్లాల్లో ఒక మోస్తరు పట్టణమంత జనం. మెస్సు ముందు నిలబడిన వరుసలో నేపాలీ, బంగ్లా, హిందీ, మలయాళం, తమిళం, తెలుగు కలిసే వినిపిస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల నుంచి, కడప, కోనసీమ, శ్రీకాకుళం ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారికి ఇలాంటి చోట కష్టం వస్తే అది ముందు తెలుగులోనే బయటికొస్తుంది. తరవాత పక్క మంచం మీది తోటివాడి హిందీలోకి, అక్కడి నుంచి ఒక గుమస్తా ఇంగ్లీషులోకి, చివరికి కార్మిక శాఖ అరబ్బీలోకి వెళ్తుంది. అన్ని మెట్లూ ఎక్కాక కూడా కాగితం మీద వాక్యం ‘అతను ఇలా అన్నాడు’ అనే మొదలవుతుంది. మీ కార్యాలయం తప్పు చేస్తోందని నేను అనడం లేదు. ఈ తప్పు ఏ ఒక్క కార్యాలయానిదీ కాదు. ఒక మాటను మనమందరం వదులుగా వాడటం వల్ల వచ్చింది. దాన్ని బిగించగల చోటు మాత్రం మీ చేతిలో ఉంది.

ఉన్నదాన్ని ఉన్నట్టు మళ్లీ చెప్పడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. ‘పొల్లు పోకుండా’ అంటాం. ‘పూసగుచ్చినట్టు’ అంటాం, అందులో వివరం ఎక్కువ, అక్షరాల లెక్క తక్కువ. ‘తు.చ. తప్పకుండా’ అంటాం. సంస్కృత శ్లోకంలో ‘తు’, ‘చ’ అనేవి చాలాచోట్ల పాదం నిండటానికి వేసే చిన్న మాటలు. వాటిని కూడా వదలకుండా అప్పజెప్పాడంటే అంతకు మించిన నిక్కచ్చితనం లేదని మెచ్చుకోవడం. ‘మక్కీకి మక్కీ’ అంటే మాత్రం నింద: అసలు కాగితంలో ఈగ చచ్చి అతుక్కుని ఉంటే, నకలులోనూ ఒక ఈగను చంపి అతికించిన రాతగాడి కథ దాని వెనక ఉంది. వీటన్నిటి మధ్య పెద్దమనిషిలా కూర్చున్న మాట ‘యథాతథం’. రిజర్వు బ్యాంకు రెపో రేటు మార్చకపోతే పత్రికలు ‘రెపో యథాతథం’ అని రాస్తాయి. స్థలం తగాదాలో ‘యథాతథ స్థితి’ కొనసాగించమని కోర్టు అంటుంది. అక్కడ దాని అర్థం ‘మార్పు లేదు’. ప్రసంగ పాఠం పైన ‘యథాతథంగా’ అని వేస్తే ‘అవే మాటలు’ అని అర్థం. సంస్కృత మూలంలో ‘ఎలా ఉందో అలా’, అంటే నిజం ఏదో అది అనే అర్థం కూడా ఉంది. మార్పు లేకపోవడం, అవే మాటలు కావడం, నిజం కావడం అనే మూడు వేర్వేరు హామీలను ఒకే మాట మోస్తోంది. వాడుకలో ఇబ్బంది లేదు కానీ సాక్ష్యం దగ్గర ఇదే ప్రమాదం. తర్జుమా నిజాయితీగా చేసినదైతే మూడో హామీ నిలబడవచ్చు. రెండోది మాత్రం ఎన్నటికీ నిలబడదు, ఎందుకంటే భాష మారిన క్షణమే ఒక్క మాట కూడా అదే మాటగా మిగలదు. చదివే అధికారికి ఇచ్చింది ఏ హామీయో కాగితం చెప్పడం లేదు.

ఈ తేడాకు కావలసిన మాటలు మన కార్మికులు దోహాకు తీసుకొస్తున్నవే కావడం నన్ను కదిలిస్తుంది. ‘అసలు’ అరబ్బీ మాట. ‘నకలు’ అరబ్బీ మాట. ‘తర్జుమా’, ‘ఖరారు’, ‘హాజరు’, ‘బాకీ’, ‘వసూలు’, ‘వకీలు’, ‘జామీను’ అన్నీ అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మన కచేరీలకు వచ్చి, తహసీల్దారు కాగితాల్లో అరిగి తెలుగైపోయినవే. నకలు సరిగ్గా ఉందని ధ్రువీకరించేటప్పుడు అరబ్బీలో వేసే ముద్ర ‘తిబ్ఖ్ అల్ అస్ల్’. అంటే అసలుకు అచ్చంగా సరిపోయినది అని. మన ‘అసలు’ అందులోనే ఉంది. బడికి అంతగా వెళ్లని మనిషికి కూడా ‘ఇది అసలు, ఇది నకలు, ఇది తర్జుమా’ అంటే వివరణ అక్కర్లేదు. నకలంటే అవే అక్షరాలు మరో కాగితం మీద. తర్జుమా అంటే మరో మనిషి అర్థం చేసుకుని తన మాటల్లో చెప్పింది. ఈ రెండింటినీ కలిపేసింది పల్లె మనిషి కాదు. కాగితం రాసే మనమే.

దగ్గర నుంచి చూడటానికి మూడు వాక్యాలు తీసుకుందాం. ఏ ఒక్కరివీ కావు, వాదన కోసం నేను కూర్చినవి. ఉత్తర తెలంగాణలో గల్ఫ్ బతుకు తెలిసిన ఏ ఇంట్లోనైనా ఈ తీరు మాట వినిపిస్తుంది: ‘మూడు నెలల సంది పైసలు ఇస్తలేరు. సూపర్‌వైజర్‌ను అడిగితే నేను జూస్కుంట అన్నడు. వచ్చే నెల ఇస్తరట.’ వీటిని ‘మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు, చూసుకుంటానన్నాడు, వచ్చే నెల ఇస్తారు’ అని ఇంగ్లీషులో పెట్టామనుకోండి. చదివినవాడికి లోపం కనబడదు. కానీ మొదట ‘పైసలు’ పోయింది. ‘పైసలు’ అంటే జీతమే కానక్కర్లేదు. 2020 నాటి 17వ నంబరు చట్టంతో వచ్చి 2021 మార్చి 20 నుంచి అమలైన కతార్ కనీస వేతనం మూడు ముక్కలుగా ఉంది: మూల వేతనం 1,000 రియాళ్లు, యజమాని వసతి చూపకపోతే 500, తిండి పెట్టకపోతే 300. వీటిపైన ఓవర్‌టైమ్ వేరు. ఆ మనిషికి రానిది తిండి డబ్బులో, ఓటీ డబ్బులో కావచ్చు. 2015 నుంచి కతార్‌లో వేతన రక్షణ వ్యవస్థ ఉంది, జీతం బ్యాంకు ఖాతాలో పడిందీ లేనిదీ అందులో కనబడుతుంది. ‘జీతం ఇవ్వలేదు’ అని కాగితం అంటే, మూల వేతనం పడినట్టు ఖాతా చూపిస్తే, నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరు అవుతాడు. అతని నోట రాని ఒక్క మాట అతన్ని ఓడించింది.

తరవాతిది ‘ఇస్తలేరు’. ‘ఇయ్యలే’ అంటే అయిపోయిన సంగతి. ‘ఇస్తలేరు’ అంటే ఇప్పటికీ నడుస్తున్న సంగతి, ఈరోజు కూడా అదే పరిస్థితి. ఇవ్వని వాళ్లెవరో ఆ వాక్యంలో పేరు పెట్టి చెప్పలేదు, క్రియ చివరి ‘రు’ ఒక్కటే ఉంది. అది కంపెనీయా, మధ్యలో మనిషిని సరఫరా చేసిన వాడా, గౌరవం కోసం బహువచనంలో చెప్పిన ఒక్క మనిషా? తెలుగు వాక్యం కర్త లేకుండా హాయిగా నిలబడుతుంది. ఇంగ్లీషు వాక్యం నిలబడదు. తర్జుమా చేసేవాడు చాలాసార్లు ఒక కర్తను తెచ్చి పెడతాడు. అతను తెచ్చిపెట్టిన కర్తే రేపు ప్రతివాది. ఇక ‘నేను జూస్కుంట అన్నడు’. ఎదుటివాడి మాటను ‘అని’, ‘అన్నడు’ తగిలించి, అతని ‘నేను’ను అలాగే ఉంచి చెప్పడం తెలుగు స్వభావం. ఇందులో ‘నేను’ సూపర్‌వైజరు. తెలుగు అంతగా రాని మధ్యవర్తికి మాత్రం ‘నేను’ అన్నది ఎదురుగా ఉన్న మనిషే. అలా తిరగబడితే, హామీ ఇచ్చినవాడు సూపర్‌వైజరు కాకుండా పోతాడు, సర్దుకుంటానని ఒప్పుకున్నది కార్మికుడవుతాడు. అన్నిటికన్నా చిన్నది చివరి అక్షరం. ‘ఇస్తరు’ అంటే చెప్పేవాడి నమ్మకం. ‘ఇస్తరట’ అంటే ఎవరో అంటే విన్నది, దాని బాధ్యత నాది కాదని. కడప మనిషైతే ‘ఇస్తారంట’ అంటాడు, పని అదే. ఆ ‘ట’ రాలిపోతే, ‘వచ్చే నెల ఇస్తారని ఇతనే చెబుతున్నాడు కదా, ఇంక తగవేముంది, ఆగమనండి’ అనడానికి వీలు దొరుకుతుంది. సంస్కృత శ్లోకంలో ‘తు’, ‘చ’ పోయినా చాలాసార్లు అర్థం చెడదు, అయినా వాటిని వదలొద్దని మనవాళ్లు అన్నారు. ఇక్కడ పోతున్న చిన్న అక్షరాలు అర్థాన్నే మోస్తున్నాయి.

అలాగని మాటకు మాట పెట్టి తర్జుమా చేయమని నేను అడగడం లేదు. అది ఇంకా పెద్ద ప్రమాదం. ‘నా కడుపు కొట్టిండు’ అంటే నా బతుకుతెరువు తీశాడని. మాటకు మాట పెడితే పొట్ట మీద గుద్దాడని అవుతుంది, ఎవరి మీదో దాడి నేరం మోపినట్టవుతుంది. ‘చెయ్యి చేసుకున్నడు’ అంటే కొట్టాడని. మాటకు మాట పెడితే ఏ భాషలోనూ ఏ అర్థమూ రాదు, జరిగిన దాడి కాగితం మీద నుంచి మాయమవుతుంది. ఒకచోట లేని దెబ్బ పుడుతుంది, ఇంకోచోట ఉన్న దెబ్బ పోతుంది. ‘కంపెనీ ఇడిచిపెట్టిన’ అన్న మాట చూడండి. అది రాజీనామా కావచ్చు, ఇంకో పనికి మారడం కావచ్చు, చెప్పకుండా వెళ్లిపోవడం కావచ్చు. 2020 సంస్కరణల తరవాత కతార్‌లో నోటీసు ఇచ్చి యజమానిని మార్చుకోవచ్చు: రెండేళ్ల లోపు పనిచేస్తే ఒక నెల, అంతకు మించితే రెండు నెలలు. యజమాని తన బాధ్యతలు తప్పితే నోటీసు లేకుండానే మానుకునే వీలు కార్మిక చట్టం 51వ అధికరణంలో ఉంది. ఈ దారులకూ ‘పారిపోయాడు’ అనే ముద్రకూ మధ్య ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ దూరమంతా ‘ఇడిచిపెట్టిన’ అనే మాట దగ్గర తర్జుమా చేసేవాడు ఏ గుమ్మంలోకి తిరిగాడన్న దాని మీద ఉంది. అందుకే అర్థం తెలిసినవాడు అర్థాన్నే చెప్పాలి, అది వేరే పని. అసలు మాట అసలు మాటగా ఇంకోచోట ఉండాలి. రెండూ ఉన్నప్పుడే ఒకదాన్ని ఇంకోదానితో దిద్దుకోగలం.

మాటను అక్షరం మారకుండా దాచడం చేతకాని జాతి కాదు మనది. వేదపాఠంలో పదం, క్రమం, జట, ఘన అని అంచెలున్నాయి. ఘనలో రెండు పదాలను ముందుకు, వెనక్కి చెప్పి, మూడోదాన్ని కలిపి ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు చెబుతారు. ఒక్క స్వరం జారినా తిరుగుదారిలో పట్టుబడుతుంది. ఆ చదువు పూర్తిచేసినవారిని తెలుగునాట ఘనపాఠి అంటారు. అవధానంలో ఎన్ని ఆటంకాల మధ్య పద్యాలు కట్టినా, చివర ధారణ చేసి అన్నిటినీ అప్పజెప్పితేనే అవధానం పూర్తయినట్టు. ఇంకోవైపు, భారతాన్ని తెలుగు చేసిన కవిత్రయం మూలానికి కట్టుబడి నడవలేదు, పెంచారు, తగ్గించారు, మనదిగా చేశారు. అది కూడా మనకు గౌరవమే. కానీ ఘనపాఠిని అనువాదకుడని, నన్నయను ఘనపాఠి అని మనం ఎన్నడూ పొరబడలేదు. అరబ్బీ సంప్రదాయంలో ఈ విభజన ఇంకా స్పష్టంగా ఉంది. ప్రవక్త మాటలను అందించడంలో అవే పదాలతో అందించడాన్ని ‘రివాయత్ బిల్ లఫ్జ్’ అని, భావాన్ని అందించడాన్ని ‘రివాయత్ బిల్ మానా’ అని హదీసు పండితులు వేరుచేశారు. పదాలు అచ్చంగా అవేనని నమ్మకం లేనప్పుడు చెప్పేవారు చివర ‘ఔ కమా ఖాల్’ అని చేర్చేవారు, ‘లేదా ఆయన అన్నట్టుగా’ అని. ఎంత గొప్ప జాగ్రత్త అది! నేను చెప్పింది నా మాటల్లో ఉండవచ్చని వినేవాడికి ముందే చెప్పడం. దోహాలో కార్మిక శాఖ బల్లకు అటువైపు కూర్చున్న అధికారికి ఈ తేడా కొత్తగా నేర్పాల్సింది కాదు. అతని చదువులో ఉన్నదే.

కతార్ చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం 9వ అధికరణం ప్రకారం ఒప్పందాలూ ఇతర పత్రాలూ అరబ్బీలో ఉండాలి. వేరే భాషలోకి తర్జుమా చేసుకోవచ్చు, తేడా వస్తే అరబ్బీ పాఠమే చెల్లుతుంది. అంటే తర్జుమాలో తేడా రావచ్చని చట్టమే ముందుగా ఊహించి, ఏది నిలవాలో చెప్పిపెట్టింది. పని ఒప్పందం మూడు ప్రతులుగా ఉండాలని, ఒకటి యజమానికి, ఒకటి కార్మికుడికి, ఒకటి శాఖకు అని 38వ అధికరణం చెబుతుంది. ఆ మూడూ నకళ్లు. వాటితో పాటు కార్మికుడికి అర్థం కావడానికి ఇచ్చే కాగితం తర్జుమా. హైదరాబాద్‌లోని కతార్ వీసా కేంద్రంలో బయలుదేరే ముందే ఒప్పందం చూసి సంతకం పెట్టే ఏర్పాటు వచ్చాక, ఇక్కడ ఒకటి చూపించి అక్కడ ఇంకోటి చేతిలో పెట్టే పాత మోసానికి కొంతవరకు అడ్డుకట్ట పడింది. అది మంచి పని. అయితే తన భాషలో ఒప్పందం చదివి లేదా విని సంతకం పెట్టిన మనిషికి, తాను విన్నది నకలు కాదని, చెల్లేది అరబ్బీదేనని కూడా తన భాషలో తెలియాలి. 1889లో ఇటలీ, ఇథియోపియాల మధ్య వుచాలేలో జరిగిన సంధి గుర్తు చేసుకోదగ్గది. దాని 17వ అధికరణం అమ్హారిక్‌లో ‘కావాలంటే ఇటలీ ద్వారా విదేశాలతో వ్యవహరించవచ్చు’ అన్నట్టుంది, ఇటాలియన్‌లో ‘వ్యవహరించాలి’ అన్నట్టుంది. రెండూ ఒకే సంధి అన్నారు. ఆ తేడా మీదే రెండు దేశాల మధ్య చెడి, చివరికి 1896లో అద్వా యుద్ధం దాకా వెళ్లింది. ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్‌కు తేడా పట్టుకుని నిలబడే బలం ఉంది. బర్వా అల్ బరాహాలో పై మంచం మీద పడుకునే మనిషికి లేదు.

మన దేశపు చట్టమే ఈ విషయంలో మంచి దారి వేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 277వ సెక్షను, సాక్షి కోర్టు భాష కాక వేరే భాషలో చెబితే వీలైతే ఆ భాషలోనే రాసుకోవచ్చని, కాకపోతే తర్జుమా చేసి దాన్ని రికార్డులో చేర్చాలని చెప్పింది. 278వది ఇంకా ముఖ్యం: రాసుకున్నదాన్ని సాక్షికి చదివి వినిపించాలి, అతనికి రాని భాషలో ఉంటే అతని భాషలో వివరించాలి, ఏదైనా తప్పని అతనంటే దిద్దాలి లేదా అతని అభ్యంతరాన్ని నమోదు చేయాలి. ఫిర్యాదును నోటితో చెబితే రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోవాలని 154వ సెక్షను అంది. పాత కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చినా ఈ పద్ధతి పోలేదు. మన దస్తావేజుల చివర ‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినాను’ అని రాసే అలవాటు ఈ నీతికి దగ్గరిదే. రాయబార కార్యాలయం కోర్టు కాదు, ఈ సెక్షన్లు మీకు వర్తించవు. కానీ స్వదేశంలో దొంగతనం కేసులో సాక్షికి దొరికే మర్యాద, పరాయి దేశంలో జీతం పోగొట్టుకున్న మనిషికి తన దేశపు కార్యాలయంలో దొరకాలని కోరడం అన్యాయం కాదనుకుంటాను.

దీనికి అభ్యంతరాలు వస్తాయి. మొదటిది తీరిక. ఇంతమంది కార్మికులు, కొద్దిమంది సిబ్బంది, ప్రతి మాటా రాసుకుంటూ కూర్చుంటే పని నడవదంటారు. నిజమే, చేత్తో రాయాలంటే నడవదు. కానీ ప్రతి బల్ల మీదా ఇప్పుడొక ఫోను ఉంది. మనిషి తన కష్టాన్ని తన భాషలో రెండు మూడు నిమిషాలు చెబితే, అతని అనుమతితో రికార్డు చేసి ఫైలు నంబరుతో దాచడానికి పట్టే సమయం ఫారం నింపడానికి పట్టే సమయం కన్నా తక్కువ. తగవు ముదిరినప్పుడే దాన్ని బయటికి తీసి వినాలి. 2017 నాటి 13వ నంబరు చట్టంతో వచ్చిన కార్మిక వివాదాల కమిటీలు మొదటి విచారణ నుంచి మూడు వారాల్లో తేల్చాలి. గడువు అంత తక్కువైన చోట, మొదటి కాగితంలో పడిన తప్పును తరవాత తీరిగ్గా దిద్దుకునే అవకాశం ఉండదు. తొందర ఉన్న చోటే మొదటి మాట సరిగ్గా ఉండటం ఎక్కువ అవసరం.

రెండో అభ్యంతరం, కార్మికులు చెప్పేది చెదురుమదురుగా ఉంటుంది, సారాంశం తీసి పెడితేనే వాళ్లకు మేలు అని. సారాంశం అక్కర్లేదని నేను అనను. నాలుగేళ్ల కష్టాన్ని అధికారి పది వాక్యాల్లో చూడగలగాలి. నేర్పున్న వాలంటీరు చేసే ఆ పని ఎంతో విలువైనది. దానికి దాని పేరు పెట్టమంటున్నాను, అంతే. సారాంశానికి సారాంశం అని, తర్జుమాకు తర్జుమా అని, చేసినవారి పేరు, తేదీ. మూడోది, అరబ్బీయే చెల్లే చోట తెలుగు రికార్డు ఎందుకు అన్నది. అరబ్బీయే చెల్లుతుంది కాబట్టే కావాలి. చెల్లే పాఠానికి పోటీగా తెలుగును నిలబెట్టమని ఎవరూ అడగడం లేదు. ఆ అరబ్బీ వాక్యం ఏ తెలుగు వాక్యం నుంచి వచ్చిందో తెలిస్తే, తేడా ఉంటే గడువులోపల దిద్దించుకోవచ్చు. అసలు లేకపోతే తేడా ఉందని చెప్పడానికి అతని దగ్గర జ్ఞాపకం తప్ప ఏమీ ఉండదు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన అభ్యంతరం ఇంకొకటుంది. మనిషి మాటను అక్షరం మారకుండా పట్టి ఉంచడం అతనికే కీడు చేయవచ్చు. కోపంలో తిట్టి ఉండవచ్చు. వేరేచోట రెండు రోజులు పనిచేశానని అమాయకంగా చెప్పి ఉండవచ్చు. మధ్యవర్తి ఇన్నాళ్లూ అవన్నీ వడగట్టి పంపడం వల్ల కొందరు బయటపడ్డారని అంటే కాదనలేను. దీనికి నాకు పూర్తి జవాబు లేదు, సగం జవాబుంది. వడగట్టే హక్కు ఆ మాట చెప్పిన మనిషిది. ఏది ఉంచాలో ఏది తీయాలో తన భాషలో విని, పర్యవసానం తెలుసుకుని, అతనే చెప్పాలి. అందుకే రికార్డు ముందు అతనికే వినిపించాలి, ఒక ప్రతి అతని దగ్గర ఉండాలి, అతను ఒప్పుకోకుండా యజమానికి గానీ ఇంకెవరికి గానీ వెళ్లకూడదు. మంచి మనసుతోనే అయినా అతనికి తెలియకుండా అతని మాట మార్చి, దాన్ని అతని మాటేనని రాయడం అతని నోరు తీసుకోవడమే అవుతుంది.

రాయబారి గారూ, మిమ్మల్ని కోరేది పెద్ద ఖర్చు కాదు. మీ ఓపెన్ హౌస్‌లో, పారిశ్రామిక వాడల దగ్గర జరిగే కాన్సులర్ శిబిరాల్లో, ఇండియన్ కమ్యూనిటీ బెనవలెంట్ ఫోరం వాలంటీర్లు కార్మికులను కలిసే చోట, తెలుగు మనిషి మాటను ముందు తెలుగులో పట్టి ఉంచే ఏర్పాటు చేయించండి. ఇంగ్లీషు కాగితం మీద ‘అతను చెప్పినదానికి తర్జుమా’ అని ఉండాలి, ఎవరు చేశారో ఉండాలి, తెలుగు రికార్డు ఎక్కడుందో ఉండాలి. సంతకం ముందు దాన్ని తిరిగి తెలుగులో వినిపించాలి. అతను ‘అట్ల కాదు’ అంటే ఆ ‘అట్ల కాదు’ కూడా రాయాలి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించేటప్పుడూ ఇదే పద్ధతి. తెలంగాణ ప్రభుత్వపు విదేశీ ఉపాధి సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లోని ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ మీతో కలిసి పనిచేస్తే, యాసలు తెలిసినవాళ్లను వెతికి ఇవ్వడం వాటికి కష్టం కాదు. కడప మాట తెలిసినవాడికి నిర్మల్ మాట తెలియకపోవచ్చు, ఈ ఒక్క సంగతి మరవకండి. బయలుదేరే ముందు ఇచ్చే శిక్షణలో పాస్‌పోర్టు, అకామా (నివాస అనుమతి) జాగ్రత్తలతో పాటు ఒక వాక్యం నేర్పితే చాలు: ‘నేను చెప్పింది నాకు చదివి వినిపించండి.’ తెలుగులో మొదలుపెట్టమంటున్నాను కానీ పక్క మంచం మీది నేపాలీకి, భోజ్‌పురికి ఇది అక్కర్లేదని కాదు. నాకు దగ్గరగా తెలిసిన భాషలో ఉదాహరణ చూపించగలిగాను, అంతే.

ఈ లేఖను కావాలనే తెలుగులో రాశాను. మీ బల్ల మీదికి ఇది ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తుంది. తర్జుమా చేసేవారికి నాదొక మనవి. నా వాదనను మీ మాటల్లో మీకు తోచినట్టు చెప్పండి, కాగితం పైన తర్జుమా అని, మీ పేరు రాయండి. ఆ మూడు వాక్యాలను మాత్రం తెలుగు లిపిలోనే ఉంచి, కింద వాటి అర్థం రాయండి. ‘ఇస్తరట’ దగ్గర ఆ ‘ట’కు సరిపడే మాట దొరక్కపోతే, దొరకలేదనే రాయండి.


ఒక తెలుగు రచయిత